ఆటలో పడితే నడుం గుర్తురాదు, తెల్లారితే గుర్తొస్తుంది

ఒళ్లూ వ్యాయామం: పాఠకుల ప్రశ్నలకు ఫిజియోథెరపీ నిపుణుల జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా ఒడిశా వైపు తెలుగువాళ్ల నుంచి వచ్చాయి. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగం చేసే పిల్లలు పండక్కి వస్తూ వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకి తగిలించుకుంటే బొమ్మల లోకంలో ఉన్నట్టే చూపించే పరికరం) పట్టుకొస్తున్నారు. ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని తలకి తగిలించుకుని చూసి, "ఇది నా నడుం నొప్పికేమైనా పనికొస్తుందా?" అని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే ఈ సంచికలో దీనికే చోటిచ్చాం.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, స్కూలు టీచర్ని. రెండేళ్లుగా నడుం నొప్పి. ఎమ్మారైలో ఎల్4, ఎల్5 అనే నడుం ఎముకల మధ్య డిస్కు ఉబ్బిందని రాశారు. వంగాలంటే భయం, కింద పడ్డ చాక్‌పీసు కూడా పిల్లల చేతే తీయిస్తాను. మా అబ్బాయి వీఆర్ ఆటలు ఆడమంటున్నాడు. ఆటతో నొప్పి తగ్గుతుందా డాక్టరుగారూ?
(ఉపాధ్యాయిని, పర్లాకిమిడి)

జవాబు: ఉబ్బిన డిస్కుని లోపలికి నెట్టే ఆట ఏదీ లేదు. కానీ ఆ రిపోర్టు చూసి మీరు అంత బెంగపడాల్సిన పని కూడా లేదు. నడుం నొప్పి అంటే ఏమిటో ఎరగనివాళ్లకి స్కాన్ తీసినా, 40 ఏళ్ల వయసులో సగం మందికి, 50 ఏళ్లకి వచ్చేసరికి 60 శాతం మందికి డిస్కు ఉబ్బు కనబడుతుంది. తల నెరవడం లాంటిదే అదీ.

మూడు నెలలు దాటిన నొప్పిలో చాలాసార్లు మొదటి దెబ్బ మానిపోయి ఉంటుంది. నరాల వ్యవస్థ మాత్రం కాపలా దించదు. వంగబోతే చాలు, ముందే కండరాలు బిగుసుకుంటాయి. బిగుసుకుంటే నొప్పి, నొప్పి పుడితే ఇంకాస్త భయం. మీరు చాక్‌పీసు తీయించడం ఈ చక్రంలో భాగమే. ఆట ఉపయోగపడేది ఇక్కడ. నొప్పి మీద ఉన్న ధ్యాసని ఆట లాక్కుంటుంది. ఎగిరొచ్చే వస్తువుని అందుకోవాలన్న తొందరలో, వంగుతున్నానని తెలియకుండానే మీరు వంగుతారు.

ఇది కొత్త ఊహేం కాదు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్ల కిందటే స్నోవరల్డ్ అనే వీఆర్ ఆట తయారుచేశారు. కాలిన గాయాలకి కట్లు మార్చేటప్పుడు రోగి మంచులోయలో తేలిపోతూ పెంగ్విన్ల మీద మంచుముద్దలు విసురుతాడు. అయితే అది అప్పటికప్పుడు వచ్చే నొప్పికి వేసిన ఉపాయం. ఏళ్ల తరబడి నడుం నొప్పికి ప్రత్యేకంగా చేసిన ఒక వీఆర్ కార్యక్రమానికి అక్కడ మందుల్నీ వైద్య పరికరాల్నీ పరిశీలించే ఎఫ్‌డీఏ 2021 నవంబరులో అనుమతి ఇచ్చింది. 8 వారాలు, 56 విడతలు, ఒక్కో విడత 2 నుంచి 16 నిమిషాలు. 179 మంది మీద పరీక్షిస్తే, అది వాడినవాళ్లలో 66 శాతం మందికి నొప్పి 30 శాతానికి మించి తగ్గింది. పోల్చి చూడడానికి పెట్టిన రెండో జట్టులో 41 శాతం మందికి తగ్గింది. రెండో అంకె కూడా గుర్తుపెట్టుకోండి, అమ్మేవాళ్లు మొదటిదే చెబుతారు. పైగా అందులో ఉన్నది గెంతులాట కాదు. ఊపిరి మీద ధ్యాస, కండరాలు వదులు చేయడం, నొప్పి గురించి ఆలోచించే తీరు మార్చుకోవడం. అక్కడ కూడా డాక్టరు చీటీ మీదే ఇస్తారు. మీ అబ్బాయి తెచ్చిన ఆటలు అది కాదు.

వంగడానికి భయపడేవాళ్ల చేత వీఆర్‌లో బంతులాట ఆడించిన ఒక పరిశోధన 2016లో వచ్చింది. మూడు విడతల్లో ఆట లోపల వాళ్ల నడుం వంపు బాగా పెరిగింది, నొప్పి పెరగలేదు, మందులూ పెరగలేదు. ఆట బయటికొచ్చాక మాత్రం ఎప్పటిలాగే వంగారు. మీకు అసలు పాఠం ఇందులోనే ఉంది. ఆటలో వచ్చిన వంపు దానంతటది ఇంటిపనిలోకి రాదు, మీరే తేవాలి. ఆడడం ఆపి హెడ్‌సెట్ తీశాక రెండు నిమిషాలు ఆగండి. బల్ల మీద ఉన్న డస్టరు, తర్వాత కుర్చీ మీదిది, తర్వాత పీట మీదిది, చివరికి నేల మీది చాక్‌పీసు తీయండి. ఒక్కోటి ఐదుసార్లు. పీట దగ్గర భయమేస్తే ఆ వారం పీట దగ్గరే ఆగండి. ఈ పది నిమిషాలు మానేసేటట్టయితే ఆట కాలక్షేపానికి మాత్రమే.

నడుముకి బెల్టు కట్టుకుని ఆడొచ్చా అని కూడా రాశారు. వద్దు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు దీర్ఘకాలపు నడుం నొప్పికి వ్యాయామాన్ని సిఫారసు చేస్తూ, బెల్టులూ, నడుముని సాగదీసి లాగే ట్రాక్షనూ మాత్రం వద్దన్నాయి.

ఆట మొదలుపెట్టకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాల్సినవి కొన్ని ఉన్నాయి. మూత్రం బిగబట్టినట్టవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ తిమ్మిరి, పాదం ఈడ్చుకుపోవడం కనిపిస్తే ఆరోజుకారోజే వెళ్లాలి. నరాల మీద ఒత్తిడి తీయడానికి గంటలు లెక్క. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి మీకు దగ్గర, లేదా విశాఖ కేజీహెచ్. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా వదలని నొప్పి ఉంటే వెన్నెముక క్షయ ఉందేమో చూపించుకోవాలి. మన దేశంలో దాన్ని మరిచిపోకూడదు. ఇదివరకు కేన్సర్ వచ్చినవాళ్లు, ఈమధ్య కింద పడ్డవాళ్లు కూడా ముందు డాక్టరుకి చూపించుకున్నాకే.

ప్రశ్న: బరంపురంలో 30 ఏళ్లుగా పట్టు నేస్తున్నాను. వయసు 52. గుంటమగ్గంలో కూర్చుని లేచేసరికి నడుం కొయ్యబారిపోతుంది. పిల్లలు క్వెస్ట్ 2 అనే హెడ్‌సెట్‌లో బీట్ సేబర్ ఆట పెట్టారు, పాటకి తగ్గట్టు కత్తులతో దిమ్మలు నరకాలి. బాగుంది. ఎన్ని నిమిషాలు, వారానికి ఎన్నిసార్లు ఆడాలో కొంచెం వివరంగా చెప్పండి.
(నేతపని, బరంపురం)

జవాబు: మీ పనికి ఇది నప్పే ఆటే. రోజంతా ముందుకి వంగి, కూర్చుని, చేతులు ఛాతీ ఎత్తులో ఆడిస్తారు. నిలబడి చేతులు పైకెత్తే, పక్కకి అడుగేసే ఆట దానికి విరుగుడు. ఇంకా వంగదీసే ఆట వద్దు.

ముందు చోటు. నిలబడి ఆడడానికి కనీసం 2 మీటర్లు పొడవు, 2 మీటర్లు వెడల్పు ఖాళీ కావాలి. మగ్గం గదిలో ఆడొద్దు. ఆడేముందు హెడ్‌సెట్‌లో చూస్తూ మీరు నేల మీద గీసే హద్దు గోడలకీ మంచాలకీ సరిపోతుంది గాని, అడుగు అవతల గుంట ఉన్నచోట ఒక్క తప్పటడుగు చాలు. ఆ హద్దు మీ తలపైన ఏముందో కూడా చెప్పదు. చెయ్యెత్తి ఆడించి చూడండి, సీలింగ్ ఫ్యానుకీ ట్యూబ్‌లైటుకీ అందకూడదు. చేతుల్లో పట్టుకునే కంట్రోలర్ల తాళ్లు మణికట్టుకి తప్పకుండా వేసుకోవాలి. గది మధ్యలో చిన్న గోనెపట్టా పరిచి దాని మీద వట్టికాళ్లతో నిలబడితే, పక్కకి జరిగిపోతున్నట్టు పాదాలకి తెలుస్తుంది. పట్టా జారకూడదు. మసక వెలుతురులో, పెద్ద అద్దం ఎదురుగా ఉన్నప్పుడు హెడ్‌సెట్ కెమెరాలు దారి తప్పి బొమ్మ జారుతుంది, దాంతో మీరూ తూలతారు.

చాలామంది చూసుకోనిది నేల మట్టం. హద్దు గీసేటప్పుడు కంట్రోలరుని నేలకి ఆనించి మట్టం సరిచేయాలి. అది తప్పితే ఆటలో వస్తువులు ఉండాల్సిన ఎత్తులో ఉండవు. నాలుగు వేళ్లు కిందికి కనబడ్డా, పాట మొత్తం వంగే ఆడతారు. "ఆట ఆడితే నడుం పట్టేసింది" అన్నవాళ్లు మొదట చూసుకోవాల్సింది ఇదే.

తర్వాత తల. క్వెస్ట్ 2 బరువు 503 గ్రాములు, అదంతా ముఖం ముందే వేలాడుతుంది. వెనకపట్టీ తల వెనక ఎముక ఉబ్బు కిందికి దిగాలి, బరువు నడినెత్తి పట్టీ మోయాలి. బుగ్గల మీద గీతలు పడేలా బిగిస్తే పట్టీలు తప్పుగా ఉన్నట్టే. బొమ్మ మసగ్గా ఉంటే గడ్డం ముందుకి చాపకండి, కటకాల మధ్య దూరం మార్చండి. క్వెస్ట్ 2లో మూడు మెట్లున్నాయి: 58, 63, 68 మిల్లీమీటర్లు. కళ్లజోడు ఉంటే దానికి వేరే ప్లాస్టిక్ చట్రం పెట్టుకోవాలి, లేకపోతే కటకాలు గీసుకుపోతాయి.

ఇక ఆట. లేచిన గంట లోపల వద్దు. రాత్రంతా డిస్కులు నీరు పీల్చుకుని బిగువుగా ఉంటాయి, అప్పుడు వంగితే ఒత్తిడి ఎక్కువ. మగ్గం దిగిన వెంటనే కూడా వద్దు. ఐదు నిమిషాలు వీధిలో నడిచి, చేతులు నడుం మీద పెట్టుకుని పదిసార్లు మెల్లగా వెనక్కి వాలి, అప్పుడు పెట్టుకోండి.

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు. ఈజీ మెట్టులో, ఎదురొచ్చే గోడలు తీసేసి, పాట వేగం తగ్గించి, ఓడిపోయినా ఆట ఆగకుండా పెట్టుకోండి. ఈ మూడూ ఆటలోనే మార్చుకోవచ్చు. రెండు పాటలు, మధ్యలో రెండు నిమిషాలు విరామం, మొత్తం పది నిమిషాలు. పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్లు కొద్దిగా వదులుగా. నరికే ఊపు భుజం నుంచి రావాలి. పక్కన ఉన్న దిమ్మ కోసం పాదాలు కదలకుండా నడుం మెలితిప్పడమే ఈ ఆటలో పెద్ద తప్పు. దిమ్మ కుడివైపు వస్తే కుడికాలు అడుగేయండి.

మూడు, నాలుగు వారాల్లో మూడు పాటలు, మామూలు వేగం. ఐదో వారం గోడలు తిరిగి పెట్టండి. తల మీదికి వచ్చే గోడకి చాలామంది నడుం విల్లులా వంచి దూరతారు. మీరు తుంటి వెనక్కి నెట్టి, మోకాళ్లు వంచి, కుర్చీలో కూర్చోబోయినట్టు దిగాలి. ముందురోజే హెడ్‌సెట్ లేకుండా కర్రతో సాధన చేయండి. వీపు మీద నిలువుగా పట్టుకున్న కర్ర తలకీ, రెక్కల మధ్యకీ, పిరుదుల పైభాగానికీ ఆని ఉండగానే వంగాలి. ఎక్కడైనా కర్ర వదిలేసిందంటే వంపు నడుంలో పడుతోందన్నమాట. ఏడో వారానికి 20 నిమిషాలు, నార్మల్ మెట్టు. నిమిషాలు, వేగం, వంపు: ఒక వారంలో ఈ మూడింట్లో ఒక్కటే పెంచాలి.

ఆట లేని రోజుల్లో 20 నిమిషాల నడక. మగ్గం మీద అరగంటకోసారి లేచి నిలబడడం వీటన్నిటికన్నా ముఖ్యం. పది నిమిషాల ఆటకి ఎనిమిది గంటలు కూర్చున్నదాన్ని చెరిపేసే బలం లేదు.

ప్రశ్న: నా వయసు 34, బట్టల కొట్టులో పని. ఆదివారం వీఆర్‌లో బాక్సింగ్ 50 నిమిషాలు ఆడాను, ఒక్క పిసరు నొప్పి లేదు. సోమవారం మంచం మీంచి లేవలేకపోయాను. మళ్లీ డిస్కు జారిందా?
(గుణుపురం)

జవాబు: కాలిలోకి నొప్పి దిగకుండా, తిమ్మిరి లేకుండా, నడుముకి రెండు పక్కలా కండరాలే పట్టేసి ఉంటే డిస్కు మాట పక్కన పెట్టండి. అలవాటు లేని పనికి కండరాలు 24 నుంచి 72 గంటల మధ్య బాగా నొప్పెడతాయి. మీకు అదే అయ్యుంటుంది. నొప్పి పిరుదు దాటి పిక్కలోకి, పాదంలోకి దిగుతుంటే మాత్రం ఆట ఆపి చూపించుకోవాలి.

"ఒక్క పిసరు నొప్పి లేదు" అన్న మీ మాటలోనే కారణం ఉంది. ఆట మందులా పనిచేసేదీ, ముంచేదీ ఒకే గుణంతో. ధ్యాస మళ్లినంతసేపూ ఒళ్లు చెప్పేది వినబడదు. కాబట్టి ఎప్పుడు ఆపాలో ఆటలో ఉన్న మిమ్మల్ని అడగకూడదు, పెట్టుకోకముందే తేల్చుకోవాలి. గది మూల ఫోన్‌లో అలారం పెట్టండి, గట్టిగా మోగేలా. మోగితే ఆ పాటో ఆ రౌండో పూర్తయ్యేదాకా కూడా ఆగొద్దు. నొప్పి మాత్ర వేసుకుని ఆడడం రెండింతలు తప్పు, వినబడే కాస్తనీ అది మింగేస్తుంది.

గోడ మీద క్యాలెండరు ఉంది కదా, దాని మీద మూడు అంకెలు రాయండి. ఆడేముందు నొప్పి 10కి ఎంత, ఆడాక ఎంత, మర్నాడు పొద్దున్న ఎంత. పెరిగింది 2 లోపల ఉండి, 24 గంటల్లో పాత అంకెకి దిగితే ఆ మోతాదు మీకు సరిపోయింది. పెరిగింది 2 దాటినా, రెండో రోజుకి దిగకపోయినా తర్వాతి విడత సగం చేయాలి. మూడో అంకె రాయనివాళ్లే మనకి ఉత్తరాలు రాస్తుంటారు.

బాక్సింగ్ అయితే నడుముకి మరీ మోటు. నిజం గుద్దు సంచికి తగిలి ఆగుతుంది. వీఆర్‌లో గుద్దు గాలిలోకి పోతుంది, ఆ చేతిని ఆపే భారం భుజం మీదా నడుం కండరాల మీదా పడుతుంది. పక్కనుంచి తిప్పి కొట్టే ప్రతి హుక్కుకీ మెలి ఒకటి. ఇప్పుడు రెండు రోజులు మంచానికి అంటుకుపోకుండా గంటకోసారి ఐదు నిమిషాలు నడవండి, రోజుకి రెండు మూడుసార్లు 15 నిమిషాలు వేడి కాపడం పెట్టండి. తగ్గాక మళ్లీ మొదలుపెడితే 8 నిమిషాలు, సూటి గుద్దులు మాత్రమే, చెయ్యి పూర్తిగా చాపకుండా.

ప్రశ్న: లారీ తోలుతాను. ఘాట్ రోడ్ల మీద తిరిగి తిరిగి నడుం పోయింది. ఫోన్ పెట్టుకునే వీఆర్ బాక్సు ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తే కొన్నాను. ఐదు నిమిషాలకే కడుపులో తిప్పుతోంది. అలవాటు పడితే పోతుందా?
(రాయగడ)

జవాబు: ఆ డబ్బాతో వ్యాయామం కాదు, అలవాటు పడే ప్రయత్నమూ వద్దు. ఫోను మీ తల ఎటు తిరిగిందో కనిపెడుతుంది గాని, మీరు ముందుకి వంగారో పక్కకి అడుగేశారో దానికి తెలీదు. మీరు వంగుతారు, బొమ్మ వంగదు. కళ్లు ఒకటి చెప్పి చెవిలోని తూకం ఇంకొకటి చెబితే వచ్చేదే ఆ తిప్పుడు. తిరగడాన్ని పసిగట్టే గైరోస్కోపు లేని ఫోనైతే తల తిప్పినా బొమ్మ సరిగ్గా కదలదు. రోలర్ కోస్టరు వీడియో పెట్టుంటారు, అది మరీ అన్యాయం.

డబ్బా పారేయక్కర్లేదు. కుర్చీలో ఆనుకుని, కెమెరా కదలని సముద్రపు ఒడ్డో అడవో 360 డిగ్రీల వీడియో పెట్టుకుని, నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసి ఆరు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు చాలు, రాత్రి నిద్రకి ముందు. తిప్పడం మొదలైతే పంటి బిగువున కూర్చోకుండా వెంటనే తీసేయాలి. ఏ వీఆర్ వాడినా దిగాక కనీసం అరగంట, తల పూర్తిగా తేలికపడేదాకా స్టీరింగు పట్టొద్దు. మీ వృత్తికి ఈ ఒక్క మాట మిగతా అన్నిటికన్నా ముఖ్యం.

నడుం సంగతికొస్తే, బండి కుదుపుల్లో గంటలు కూర్చుని దిగీ దిగగానే తాళ్లు లాగడం, సరుకు ఎత్తడం మీకు అసలు శత్రువు. దిగాక పది నిమిషాలు నడిచి అప్పుడు ముట్టుకోండి.

ప్రశ్న: మాది చిన్న ఫిజియోథెరపీ క్లినిక్. ఒక హెడ్‌సెట్ కొని పేషెంట్లకి వాడదామనుకుంటున్నాం. చూసుకోవాల్సినవేమిటి?
(జయపురం)

జవాబు: ఇంటర్నెట్ లేకపోయినా నడిచే ఆటలు రెండు ముందే దించి పెట్టుకోండి. చార్జి సుమారు రెండు గంటలు వస్తుంది, కరెంటు కోతల లెక్కలో రోజుకి ఐదారుగురికి మించి పేర్లు రాసుకోకండి. ముఖానికి ఆనే నురగ చెమట పీల్చేస్తుంది, సిలికాన్ తొడుగు వేసి మనిషి మనిషికీ తుడవాలి. కటకాల మీద స్పిరిట్ పడనీయొద్దు, పొడి మైక్రోఫైబర్ గుడ్డ ఒక్కటే. కిటికీ పక్కన పెడితే కటకాల్లోంచి ఎండ పడి తెర కాలిపోతుంది, వారంటీ కూడా పనిచేయదు.

పేషెంటు ఆడుతున్నంతసేపూ ఒక మనిషి పక్కనే, చెయ్యి అందే దూరంలో ఉండాలి. ముట్టుకునేముందు నోటితో చెప్పాలి. మూర్ఛ ఉందా, పేస్‌మేకర్ ఉందా, తల తిరిగే జబ్బుందా, గర్భిణా అని అడగకుండా ఎవరికీ తగిలించొద్దు. చేతులూ మోకాళ్లూ నేలకి ఆనించి చేసే వ్యాయామాలకి, బోర్లా పడుకుని చేసేవాటికి హెడ్‌సెట్ పనికిరాదు. ముఖం నేల వైపు తిరిగితే అరకిలో బరువు మెడని లాగుతుంది. అవి మామూలుగానే చేయించండి. పేషెంటు దగ్గరున్న డబ్బు హెడ్‌సెట్‌కో, మీ దగ్గర పది విడతలకో ఒక్కదానికే సరిపోతే, రెండోదే చెప్పండి.

చిన్న ప్రశ్నలు

మా అమ్మకి 71, ఎముకలు గుల్లబారాయన్నారు. ఆడించొచ్చా? (కాశీనగరం)
నిలబడి వద్దు. చేతుల్లేని కుర్చీ గోడకి ఆనించి, కూర్చుని చేతులు ఎత్తే ఆట ఐదు నిమిషాలు, మీరు పక్కన ఉండగా. ముందుకి వంగేవి, మెలితిరిగేవి అసలొద్దు, గుల్ల ఎముక అక్కడే నొక్కుకుపోతుంది.

ఎనిమిదేళ్ల మనవడు అదే హెడ్‌సెట్ అడుగుతున్నాడు. (గుణుపురం)
క్వెస్ట్ కంపెనీ పెట్టిన కనీస వయసు పదేళ్లు. రెండేళ్లు ఆగమనండి.

హైదరాబాదు కంపెనీ చేసిన ఐబీ క్రికెట్ ఆడాలనుంది. ఆరు నెలలుగా నడుం నొప్పి. (ఛత్రపురం)
బ్యాటింగు నిలుపులోనే ముందుకి వంపూ మెలీ రెండూ కలిసి ఉన్నాయి. పైన నేతపనివారికి చెప్పిన ఏడు వారాలు ముందు పూర్తి చేయండి. తర్వాత మొదటి వారం విడతకి ఒక్క ఓవరు, ఆరూ డిఫెన్సే. సిక్సరు కొట్టాలనిపించిన బంతికి బ్యాటు దించి పక్కకి జరగండి.